అటక మీది మోడెం కిందికి దించుదాం

నెల్లూరు సముద్రతీర పల్లెల నుంచి ఒక ప్రణాళిక

నెల్లూరు నుంచి మైపాడు రోడ్డు పట్టుకుని సముద్రం వైపు వస్తే, ఏ ఇంటి అటక చూసినా ఒక సామాను ఉంటుంది. పాత ఇత్తడి బిందెల పక్కన, పిల్లల చిన్ననాటి సైకిల్ చక్రాల కింద, ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన చిన్న పెట్టె. నల్లదో తెల్లదో, అరచేతికన్నా కాస్త పెద్దది. ముందు వరసగా లైట్లు. వెనక నాలుగు చదరపు పోర్టులు, వాటి పక్కన టెలిఫోన్ తీగ పెట్టే ఇంకో చిన్న పోర్టు. ఫోను తీగ మీద ఇంటర్‌నెట్ వచ్చిన రోజుల మోడెం అది. ఫైబర్ వచ్చాక పీకి పైన పెట్టాం. పారేయడానికి మనసొప్పలేదు, దాంతో ఏం చేయాలో తెలియలేదు.

ఆ పెట్టెకి ఇంకా ప్రాణం ఉంది. దానికి మొదటినుంచీ రెండు పనులు. బయటి తీగలోంచి ఇంటర్‌నెట్‌ని ఇంట్లోకి తేవడం ఒకటి. తెచ్చినదాన్ని ఇంట్లో ఉన్న నాలుగు యంత్రాలకి పంచడం రెండోది. మొదటి పనిని ఫైబర్ పెట్టె తీసుకుంది. రెండో పని చేసే భాగం లోపల చెక్కుచెదరకుండా ఉంది. దాన్నే బజారులో స్విచ్ అనే పేరుతో విడిగా డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు.

జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న మన తీరంలో ప్రతి పల్లెలో, ప్రతి పాళెంలో, పాత మోడెంని ఇంటి స్విచ్‌గా మార్చడం కనీసం ఒక్కరి చేతికి రావాలి. వచ్చినవాళ్లు మరొకరికి పైసా తీసుకోకుండా నేర్పాలి. మేము కోరేది ఇదే. మాలో రొయ్యల గుంటలు చూసుకునేవాళ్లున్నారు, వేటకి పోయే ఇళ్ల పిల్లలున్నారు, ఒక బడిపంతులు ఉన్నారు, కేబుల్ లాగే పనికి పోయి వచ్చినవాళ్లున్నారు. ఇంజనీర్లం కాము. నేర్చుకున్నాం, వచ్చింది. అందుకే ఎవరికైనా వస్తుందని చెప్పగలుగుతున్నాం.

ఈ పెట్టెలు మన ఇళ్లకి ఎట్లా వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. అప్పటికే ఊళ్లలో ల్యాండ్‌లైన్ ఉన్న ఇల్లంటే ఒక గౌరవం. ఆ ఫోను తీగకే చిన్న స్ప్లిటర్ తగిలించి, ఒక కొస ఫోనుకి, ఒక కొస మోడెంకి ఇచ్చారు. హోమ్ 500 అనే ప్లాను తీసుకున్న ఇళ్లలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా వాడకానికి లెక్క ఉండేది కాదు. పిల్లలు అలారం పెట్టుకుని లేచి పాఠాలూ పాటలూ సినిమాలూ దించుకునేవాళ్లు. ఎక్స్ఛేంజి పక్కన ఉన్నవాడికి స్పీడు బాగా వచ్చేది. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న పాళేనికి వచ్చేసరికి రాగి తీగలో సిగ్నల్ నీరసించిపోయేది. వానకాలంలో జాయింట్లలో నీళ్లు దిగేవి, ఉప్పుగాలికి తీగ పచ్చబడిపోయేది. అయినా ఆ పెట్టె మీది లైటు నిలకడగా వెలిగిన రోజు ఇల్లంతా సంబరపడేది.

తర్వాత ఫైబర్ వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా నల్ల తీగ ఊళ్లలోకి నడిచొచ్చింది. దాని వెనకే ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. రాగి తీగ మూలపడింది, దాంతోపాటే దాని మోడెం అటకెక్కింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మంచిది వచ్చింది, తీసుకున్నాం.

అయితే ఫైబర్ తెచ్చినవాళ్లు పెట్టెని వాకిలి పక్కన హాల్లో బిగించి పోతారు. తీగ అక్కడిదాకే వస్తుంది మరి. మనవి స్లాబు ఇళ్లు. తుపాన్లు చూసి చూసి మందం గోడలు కట్టుకున్నాం. ఆ గోడలు దాటి వెనక గదిలోకి పోయేసరికి వైఫై రెండు గీతలకి పడిపోతుంది, తలుపు వేస్తే ఒక్కటే. చాలా ఫైబర్ పెట్టెలకి తీగ పెట్టే పోర్టులు ఒకటో రెండో. ఒకటి టీవీ తీసుకుంటుంది. గుంటల దగ్గర కెమెరాలు పెట్టుకున్న ఇంట్లో రికార్డర్ ఇంకోటి తీసుకుంటుంది. ఇక చదువుకునే పిల్లకి ఏం మిగిలింది? గడపలో కూర్చుని ఫోను ఎత్తి పట్టుకోవడమే మిగిలింది.

అట్లాంటి ఇంటికే మేము మొదట వెళ్లాం. డీఎస్సీకి చదువుకుంటున్న కోడలు వెనక గదిలో ఆన్‌లైన్ క్లాసు వినాలి. క్లాసు మధ్యలో పంతులు మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. అటక మీద మోడెం ఉందేమో చూడమన్నాం. ఆ ఇంటి పెద్దమ్మ నిచ్చెన పట్టుకుని నిలబడి, “ఇంకేం పనికొస్తది అబ్బయా అది? పాత సామానోడొస్తే ఎర్రగడ్డలకి ఇచ్చేద్దామని పెట్టినా” అన్నది. దించి, కవర్ విప్పి, దుమ్ము ఊది, వెలుతురులో పెట్టి చూశాం. పోర్టుల్లోపల ఎనిమిదేసి సన్నటి బంగారు రంగు తీగలుంటాయి. రెండు పోర్టుల్లో అవి పచ్చగా పాచి పట్టినట్టున్నాయి. ఉప్పుగాలి పని. పాత టూత్‌బ్రష్‌ని స్పిరిట్‌లో ముంచి, అడాప్టర్ పెట్టకుండానే, మెల్లగా ముందుకీ వెనక్కీ రుద్దాం. పచ్చ వదిలింది. పావుగంట ఆరనిచ్చి, దాని అడాప్టరే వెతికి పెట్టాం. పవర్ లైటు పచ్చగా వెలిగింది. పక్కనున్న డీఎస్ఎల్ లైటు మిణుకు మిణుకుమంటూ లేని టెలిఫోన్ తీగ కోసం వెతకడం మొదలుపెట్టింది. ఆ లైటు ఇక ఎప్పటికీ నిలకడగా వెలగదు. వెలగనక్కర్లేదు.

చేసిన పని చెబుతాం, ఇంట్లో చేసి చూడండి. పెట్టె వెనక రీసెట్ అని సన్నటి చిల్లు ఉంటుంది. కరెంటు ఉండగానే గుండుసూదితో పది పన్నెండు సెకన్లు నొక్కి పట్టాలి. లైట్లన్నీ ఒకసారి ఆరి మళ్లీ వెలుగుతాయి. పాత పాస్‌వర్డ్, పాత సెట్టింగులు అన్నీ తుడుచుకుపోతాయి. అప్పుడు ఫైబర్ పెట్టె జోలికి పోకుండా, ఒక ల్యాప్‌టాప్‌ని తీగతో ఈ పెట్టెకే కలపాలి. బ్రౌజర్లో 192.168.1.1 కొడితే చాలా మోడెంలలో లోపలి పేజీ తెరుచుకుంటుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ ఎక్కువగా అడ్మిన్ అనే ఉంటాయి. లేదంటే పెట్టె అడుగున చీటీ మీద రాసి ఉంటాయి.

లోపలికి వెళ్లాక ముందు పాస్‌వర్డ్ మార్చి, వైఫై ఆపేసి సేవ్ చేయాలి. తర్వాత లాన్ అనే పేజీలో రెండు పనులు. పెట్టె సొంత ఐపీ అడ్రస్‌ని 192.168.1.250 అని మార్చడం ఒకటి, డీహెచ్‌సీపీ అనేదాన్ని ఆపేయడం రెండు. చాలామంది ఆగిపోయేది ఈ రెండోదాని దగ్గరే, అందుకే ఇది కాస్త వివరంగా చెప్పాలి.

ఇంట్లో ఫోను గానీ టీవీ గానీ నెట్‌వర్క్‌లోకి రాగానే, నా నంబరేది అని అడుగుతుంది. నంబరిచ్చే పని డీహెచ్‌సీపీది. రేషన్ షాపు ముందు టోకెన్లిచ్చే మనిషిలాంటిది. ఫైబర్ పెట్టెలో ఆ మనిషి ఒకడున్నాడు. పాత మోడెంలోనూ ఇంకొకడున్నాడు. ఇద్దరూ ఒకే వరసకి టోకెన్లిస్తే ఏమవుతుంది? ఇద్దరికి ఒకే నంబరు పడుతుంది. ఇంకొందరు టోకెన్ పట్టుకుని మూతబడ్డ షాపు ముందు నిలబడతారు. పాత మోడెం తన దగ్గర టోకెన్ తీసుకున్నవాళ్లందరినీ బయటికి పోయే దారి నేనే అని నమ్మిస్తుంది, దాని దారేమో ఎప్పుడో తెగిపోయిన ఫోను తీగ. అందుకే పాతవాడిని టోకెన్ల పని మానిపించాలి. అడ్రస్ మార్చడం కూడా ఇందుకే. రెండు పెట్టెలూ నేనే 192.168.1.1 అంటే ఒకే డోరు నంబరున్న రెండిళ్లలాగా ఉత్తరాలు తారుమారవుతాయి. మీ ఫైబర్ పెట్టె అడ్రస్ 192.168.100.1 లాంటిదైతే పాతదానికి 192.168.100.250 ఇచ్చుకోండి, రేపు దాని పేజీ తెరవాల్సొస్తే సులువుగా దొరుకుతుంది. అడ్రస్, డీహెచ్‌సీపీ రెండూ మార్చి సేవ్ చేయగానే స్క్రీను మీద పేజీ కదలక నిలిచిపోతుంది. భయపడకండి. డోరు నంబరు మారింది కాబట్టి పాత నంబరులో ఎవరూ పలకరు. కొత్త అడ్రస్‌నీ పాస్‌వర్డ్‌నీ మందులషాపులో దొరికే తెల్ల ప్లాస్టరు మీద రాసి పెట్టె అడుగున అంటించండి. రెండేళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది?

ఇక పేజీ పని అయిపోయినట్టే. ఫైబర్ పెట్టె లాన్ పోర్టు నుంచి ఒక తీగ తెచ్చి పాత మోడెం నాలుగు లాన్ పోర్టుల్లో దేనికైనా పెట్టాలి. టెలిఫోన్ పోర్టు ఖాళీగా ఉండాలి. వాన్ అని రాసిన పోర్టు విడిగా ఉంటే అదీ ఖాళీయే. మిగిలిన మూడు పోర్టులూ ఇక మీవి.

ఆ ఇంట్లో హాలు నుంచి వెనక గదిదాకా గోడ వెంబడి తీగ లాగి క్లిప్పులు కొట్టాం. కొసలకి కనెక్టర్లు మా చేత్తోనే వేశాం. ఎనిమిది రంగుల సన్న తీగల్ని వరసలో పెట్టడమే అందులో విద్య. నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. ఆ ఇంటి చిన్నపిల్లాడు రెండుసార్లు విని ఎక్కంలా అప్పజెప్పాడు. తీగల్ని వేళ్ల మధ్య అదిమి సమంగా కత్తిరించి, కనెక్టర్లోకి కొసదాకా తోసి, క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కితే టిక్కుమంటుంది. ఈ పాత పెట్టెలు వాడేది ఈ ఎనిమిదిలో నాలుగే, 1, 2, 3, 6. మిగిలిన నాలుగూ ఊరికే ఉంటాయి. అయినా ఎనిమిదీ వరసలో వేయడమే అలవాటు చేసుకోండి, రేపు కొత్త పెట్టె వచ్చినా తీగ మార్చక్కర్లేదు. తీగ పెట్టగానే లాన్ లైటు వెలిగి టపటపా కొట్టుకోవడం మొదలైంది. కోడలు ల్యాప్‌టాప్ తెరిచింది. పంతులు మాట ఈసారి ముక్కలు కాలేదు. పెద్దమ్మ వచ్చి ఆ లైటు దగ్గర కాసేపు నిలబడి, “అప్పుడు గూడా ఇట్టే కొట్టుకునేది ఇది” అన్నది.

స్విచ్ అంటే ఏం చేస్తుందో ఒక మాట. పల్లెలో పాతకాలపు పోస్టుమాన్‌ని తలచుకోండి. మొదటి రోజు ఎవరిల్లు ఎక్కడో తెలియక వీధంతా కేకేస్తాడు. పలికినవాళ్లని గుర్తు పెట్టుకుంటాడు. రెండో రోజు నుంచి ఎవరి ఉత్తరం వాళ్ల గుమ్మానికే. ప్రతి యంత్రానికీ పుట్టుకతో ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది, ఏ పోర్టు వెనక ఏ అడ్రస్ ఉందో స్విచ్ చిప్పు రాసిపెట్టుకుంటుంది. టీవీకి పోయే సినిమా కోడలి క్లాసుకి అడ్డం రాదు. మీ అటక మీది పెట్టెలో ఆ చిప్పు ఉంది.

మేము చేసిన తప్పులు కూడా ఈ ప్రణాళికలో ఉండాలి. ఒక ఇంట్లో, ఒక తీగ సరిపోతుండగా స్పీడు పెరుగుతుందేమోనని రెండు పెట్టెల మధ్య రెండు తీగలు పెట్టాం. కేక వేసిన మాట రెండో తీగలోంచి తిరిగొచ్చింది, అది మళ్లీ కేకై మొదటి తీగలోకి పోయింది. లైట్లన్నీ పిచ్చెత్తినట్టు కొట్టుకుని ఇంట్లో నెట్ మొత్తం పడిపోయింది. రెండు పెట్టెల మధ్య ఒకే తీగ. ఇంకో ఇంట్లో డీహెచ్‌సీపీ ఆపడం మరిచి వచ్చేశాం. రెండు రోజులపాటు వాళ్లు నెట్ ఇచ్చే కేబుల్ అబ్బాయిని తిట్టుకున్నారు. తప్పు మాది. మేమే పోయి చెప్పి సరిచేశాం.

మూడో తప్పు ఖరీదైంది. అన్నదమ్ముల ఇళ్లు రెండు పక్కపక్కన ఉంటే, ప్రహరీ మీదుగా రాగి తీగే లాగాం. తీగ వంద మీటర్లలోపే ఉంది, పని చేసింది, అందరం మెచ్చుకున్నాం. మొదటి పెద్ద ఉరుముల రాత్రి రెండిళ్లలోని రెండు పెట్టెలూ, ఒక టీవీ పోర్టూ కాలిపోయాయి. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడినా ఆరుబయట ఉన్న రాగి తీగలోకి కరెంటు పొంగుతుంది. రెండిళ్ల ఎర్తింగు వేరువేరుగా ఉంటే ఆ తేడా కూడా తీగ మీదే పడుతుంది. ఇది కట్టుబాటుగా పెట్టుకున్నాం. రాగి నెట్‌వర్క్ తీగ ఇంటి కప్పు దాటి బయటికి పోకూడదు. ఇంటినుంచి ఇంటికి కావాలంటే ఫైబరో వైర్‌లెస్సో, అంతే.

సముద్రం పక్కన ఉంటున్నాం కాబట్టి మన పెట్టెకి ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. ఆరు నెలలకోసారి పోర్టులు తుడవాలి. వాడని పోర్టుల్లో పాత కనెక్టరు ముక్క పెట్టి ఉంచితే గాలి తగలదు. నేల మీద పెట్టొద్దు. 2015 నవంబరు వానలనీ, 2021 నవంబరులో పెన్న పొంగిన రోజుల్నీ చూసినవాళ్లెవరూ కరెంటు సామాను నేల మీద పెట్టరు. భుజం ఎత్తున, కిటికీకి దూరంగా పెట్టండి. అడాప్టర్ దాని సొంతదే వాడాలి. కొన్ని పెట్టెలకి 12 వోల్టులు, కొన్నింటికి 9. పిన్ను సరిపోయింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే పెట్టె పోతుంది. మూత విప్పినప్పుడు బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే, అది మార్చకుండా కరెంటు ఇవ్వొద్దు. అవి మార్చడం తెలిసిన రిపేరు షాపు నెల్లూరులోనే కాదు, కోవూరులోనూ కావలిలోనూ దొరుకుతుంది. మేము వాళ్ల పొట్ట కొట్టడానికి రాలేదు. టంకం పని వాళ్లది, దానికి డబ్బులిచ్చే చేయించుకుంటాం.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఈ పెట్టె విలువ ఇంకా తెలుస్తుంది. బయట ఫైబర్ తెగినా ఇంటి లోపలి నెట్‌వర్క్ తెగదు. పెట్టె 12 వోల్టులదైతే, 12 వోల్టుల బ్యాటరీ మీద సరైన తీగతో దాన్ని నడిపి, పాత కంప్యూటర్లో దాచుకున్న పాఠాలనీ ఫొటోలనీ పత్రాల కాపీలనీ ఇంట్లోవాళ్లు చూసుకోవచ్చు. కెమెరాలకీ రికార్డర్‌కీ కరెంటు ఉంటే గుంటల రికార్డింగు ఆగదు. నెట్ పోవడం వేరు, నెట్‌వర్క్ పోవడం వేరు. ఈ తేడా తీరంలో ప్రతి ఇంటికీ తెలియాలని మా కోరిక.

“కొత్త స్విచ్ ఐదారొందలకి వస్తుంది కదా, ఇంత తతంగం ఎందుకు” అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. ఐదారొందలంటే కూలికి పోయే ఇంట్లో ఒక రోజు సంపాదన. అది ఒక జవాబు. ఇంకో జవాబు ఉంది, మాకు అదే ముఖ్యం. కొత్త స్విచ్ కొని గుచ్చినవాడికి స్విచ్ వస్తుంది. పాత మోడెంని స్విచ్‌గా మార్చినవాడికి తన ఇంటి నెట్ ఎట్లా నడుస్తుందో తెలుస్తుంది. ఏ పెట్టె టోకెన్లిస్తోందో, ఏ లైటు దేనికో, ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. మరుసటిసారి నెట్ పోయినప్పుడు వాడు ఫోను చేసి, “నెట్ రావట్లేదు” అనడు. “ఫైబర్ పెట్టెలో లాస్ లైటు ఎర్రగా వెలుగుతోంది, లోపల అంతా బాగుంది, తీగ బయట తెగింది” అంటాడు. అవతలివాడు అర్ధగంటలో నిచ్చెన వేసుకుని వస్తాడు.

చదువు ఒక చోట మొదలై ఇంకెక్కడికో పోతుందని ఈ జిల్లాకి కొత్తగా చెప్పక్కర్లేదు. దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాలు దిద్దడానికి కూర్చుని, చదువుకున్న పాఠం మీద మాట్లాడుకుని, రోశమ్మ ముందుండగా సారా పాటలనే ఆపారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వాళ్ల త్యాగం పక్కన మా పని నిలబడదు, పోలిక పెట్టుకోవడం లేదు. పలక పట్టిన చెయ్యి పలకతోనే ఆగదని వాళ్ల దగ్గర నేర్చుకున్నామని మాత్రం చెప్పుకుంటున్నాం.

పారేసిన పెట్టె ఎక్కడికి పోతుందో కూడా చూశాం. పాత సామానోడి దగ్గర్నుంచి ఎక్కడో గుట్టగా చేరుతుంది. రాగి కోసం తీగల ప్లాస్టిక్‌ని కాలుస్తారు, ఆ పొగలో విషం ఉంటుంది. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది, వానకి అది నేలలోకి దిగుతుంది. 2022లో ప్రపంచంలో పుట్టిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక చెప్పింది, అందులో లెక్క ప్రకారం సేకరించి సరిగా రీసైకిల్ చేసింది 22.3 శాతమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారు మీద బాధ్యత పెట్టాయి. మంచిదే. కానీ మైపాడు అటక మీది పెట్టె కోసం ఏ తయారీదారూ రాలేదు. వచ్చేలోపు దాని చేత ఇంకో ఐదేళ్లు పని చేయించుకుందాం.

పాతదే ఎప్పుడూ మేలని మేము అనడం లేదు. ఈ మోడెంల పోర్టులు ఎక్కువ భాగం 100 ఎంబీపీఎస్‌వే. మీ ప్లాను అంతకన్నా ఎక్కువైతే ఆ ఎక్కువ ఈ పెట్టె దాటి రాదు. ఇంట్లో పెద్ద ఫైళ్లు అటూ ఇటూ పంపుకునే పనుంటే గిగాబిట్ స్విచ్ కొనుక్కోండి. పాత మోడెం ఐదు వాట్లు తింటే ఏడాదంతా నడిపినందుకు దాదాపు 44 యూనిట్ల కరెంటు అవుతుంది, చిన్న కొత్త స్విచ్ దానికన్నా తక్కువ తింటుంది. వైఫై ఆపమన్నది కొంత ఇందుకే, అసలు కారణం మాత్రం భద్రత. ఈ పెట్టెల సాఫ్ట్‌వేర్‌కి కొత్త మరమ్మతులు రావడం ఎప్పుడో ఆగిపోయింది. 2017 జులైలో దేశంలో వేల బీఎస్ఎన్ఎల్ మోడెంలు ఒక వైరస్ దెబ్బకి పడిపోయాయి. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌ని మార్చకపోవడమే దానికి దారి ఇచ్చింది. స్విచ్‌గా మారిన పెట్టె ఫైబర్ పెట్టె చాటున ఉంటుంది గనక బయటివాడికి నేరుగా కనిపించదు. అయినా పాస్‌వర్డ్ మార్చకుండా మేము ఏ ఇంటినుంచీ బయటికి రాము. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేసుకుందామని ఉత్సాహపడే కుర్రాళ్లకి ఒక మాట: మన పాత మోడెంలలో ఎక్కువ వాటికి మెమరీ చాలదు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ సోర్స్‌కోడ్ బయటికి వచ్చాక 2004లో మొదలైన ఆ ప్రయత్నం గొప్పది, నేర్చుకోండి, సరిపడే పెట్టె దొరికినప్పుడు చేయండి. ఇంకా అద్దె కడుతున్న మోడెం అయితే అది కంపెనీది, తిరిగి ఇచ్చేయండి.

పని ఎట్లా పంచుకోవాలనేది మాకు మన ఊరి పండగే నేర్పింది. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు చెరువులో నిలబడి రొట్టె పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఇచ్చేవాళ్లు ఎవరో పుచ్చుకునేవాళ్లకి తెలియదు, కులమేది మతమేది అని అడిగేవాళ్లు లేరు. మా పద్ధతీ అదే. మోడెం అక్కర్లేనివాళ్లు ఇస్తారు. కావలసినవాళ్లు పుచ్చుకుంటారు. పుచ్చుకున్నవాళ్లు డబ్బివ్వరు, తమ ఇంట్లో పని పూర్తయ్యాక ఇంకో ఇంట్లో ఒక పెట్టె తమ చేత్తో పెట్టి వస్తారు. పెట్టి రావడంతో చాలదు, ఆ ఇంట్లో ఒకరిచేత మొత్తం మొదటినుంచి చేయించాలి. ఆ ఒకరు ఆడపిల్ల అయితే మాకు మరీ సంతోషం, ఎందుకంటే పగలు ఇంట్లో నెట్ పోయినప్పుడు ఉండేది ఎక్కువగా వాళ్లే. ఆమ్‌స్టర్‌డాంలో 2009లో మార్టీన్ పోస్ట్‌మా మొదలుపెట్టిన రిపేర్ కేఫేలు ఈ రోజు చాలా దేశాల్లో ఉన్నాయి, జనం పాత సామాను తెచ్చుకుని తెలిసినవాళ్ల పక్కన కూర్చుని బాగు చేసుకుంటారు. ఆ సంగతి విన్నప్పుడు మాకు చెరువు గుర్తొచ్చింది.

మేము అడిగేవి కొన్ని ఉన్నాయి. నెట్ ఇచ్చే కంపెనీలూ ఆపరేటర్లూ, మా ఇంట్లో బిగించిన పెట్టె లోపలి పేజీ తాళంచెవి మాకు ఇవ్వాలి. ఏది మార్చకూడదో చెప్పండి, వింటాం. అసలు చూడకూడదంటే ఒప్పుకోం. తయారీదారులు పెట్టె వాడే విధానం తెలుగులో ఇవ్వాలి. అడాప్టర్ మీద వోల్టులు కంటికి కనిపించే అక్షరాల్లో వేయాలి. సాఫ్ట్‌వేర్ మరమ్మతులు ఎన్నేళ్లు ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో ఫోన్లూ కార్లూ ఎట్లా ఉన్నాయో ఇంటింటికీ ఉన్న ఈ చిన్న పెట్టెలూ అట్లాగే ఉండాలి, తెలుగులో ఉండాలి. గ్రామ సచివాలయంలో ఒక మూల ఒక డబ్బా పెట్టండి, పాత మోడెంలూ అడాప్టర్లూ తీగలూ అందులో వేస్తారు, నెలకోసారి మేము వచ్చి ఏరుకుంటాం. బడుల్లో ఎనిమిదో తరగతి నుంచి పిల్లలకి ఒక రోజు ఈ పని చేయించనివ్వండి. సైన్సు పుస్తకంలోని కరెంటు పాఠానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉంటుందని మాకు తోచడం లేదు.

దీనికి పేరు పెట్టలేదు. అధ్యక్షుడు లేడు, చందా లేదు, జెండా లేదు. ఏ పాళెంలో మొదలైతే ఆ పాళెం పేరుతోనే పిలుచుకుందాం. ప్రతి చోటా ఒక నోటుపుస్తకం మాత్రం ఉంచుదాం. ఏ ఇంట్లో ఏ మోడల్ పెట్టె పెట్టారు, ఏ అడ్రస్ ఇచ్చారు, ఎవరు నేర్చుకున్నారు, ఏం పాడైంది, ఎందుకు పాడైంది, అన్నీ అందులో రాయాలి. పాస్‌వర్డ్‌లు మాత్రం రాయొద్దు, అవి ఇంటివాళ్లవి. పాడైనవాటి పేజీలు ఎక్కువ జాగ్రత్తగా రాయాలి, పక్క ఊరివాళ్లకి అవే ఎక్కువ పనికొస్తాయి.

వచ్చే ఆదివారం పొద్దున, వేటకి పోయిన బోట్లు తిరిగొచ్చి ఒడ్డున పనులయ్యాక, తుపాను షెల్టరు వరండాలో కూర్చుంటున్నాం. మీ అటక మీది పెట్టె తెండి. దాని అడాప్టర్ తప్పక వెతికి తెండి, అది లేకపోతే సగం పొద్దు దాన్ని వెతకడానికే సరిపోతుంది. ఇంట్లో మిగిలిన తీగ ముక్క ఏదున్నా పట్టుకురండి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తెండి, లేకపోతే మాదొకటి ఉంటుంది. గుండుసూదులు, స్పిరిట్, బ్రష్షు, ప్లాస్టరు మేము తెస్తాం.